సముద్రం తీసుకోని బతుకమ్మ

ఫోను తెరమీద బతుకమ్మ వెనక్కి వస్తూ కనిపించింది. ఆ రోజు నాకు మొదటిసారి భయం వేసింది ఆ క్షణంలోనే.

నేను అప్పుడు విశాఖలో ఉన్నాను. సముద్ర పరిశోధనల మీద అంతర్జాతీయ సదస్సు జరుగుతున్న హాలులో, నా పోస్టరు పక్కన నిలబడి ఉన్నాను. ఆ హాలుకు కొద్ది దూరంలోనే సముద్రం. ఆ ఒడ్డున మా పెద్దత్తమ్మ, నా ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఆ రోజు సద్దుల బతుకమ్మ, పండుగ ఆఖరి రోజు. గెస్ట్ హౌస్ గదిలో తను పేర్చిన బతుకమ్మను సాగనంపడానికి పెద్దత్తమ్మ వాళ్లను తీసుకుని వెళ్లింది. ఎనిమిదేళ్ల మా అక్షర వీడియో కాల్ చేసి నాకంతా చూపిస్తోంది.

బతుకమ్మ నీళ్ల మీద కాస్త దూరం పోయింది. అల వచ్చి దాన్ని తిరిగి పెద్దత్తమ్మ కాళ్ల దగ్గర పెట్టింది. ఆమె మళ్లీ నెట్టింది. అది మళ్లీ వచ్చింది. ఆమె కుచ్చెళ్లు ఎత్తి బొడ్లో దోపుకుని ఇంకో రెండడుగులు లోపలికి వేసింది. "ఇంకా లోపటికి నెట్టు బాపమ్మా" అని అక్షర అరవడం వినిపించింది.

సరిగ్గా అప్పుడే నా పోస్టరు ముందు ఒక పెద్దాయన ఆగాడు. ఏ దేశమో మెడలో కార్డు చూస్తే తెలిసింది. ఆయన రాసినవి చదివే నేను ఈ పని నేర్చుకున్నాను. నేను ఫోనును బల్ల మీద బోర్లా పెట్టి మాట్లాడటం మొదలుపెట్టాను. బాగా మాట్లాడాను. ఒడ్డుకు దగ్గరగా తేలే వస్తువులు ఏ కాలంలో ఎటు పోతాయి, ఎప్పుడు తిరిగి ఒడ్డుకే వస్తాయి అన్నదే నా పోస్టరు. ఆ సంగతి ఆ హాలులో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎందరో ఉన్నారు. ఒడ్డున నిలబడ్డ మా వాళ్లు ముగ్గురికీ తెలియదు.

పెద్దత్తమ్మ ఈ ఎండాకాలంలో, మూడు రోజుల కిందటే పోయింది. భూపాలపల్లిలో మూడోరోజు పిట్టకు అన్నం పెట్టి, నిన్న సాయంత్రం జనగామకు వచ్చాం. పిల్లలు పడుకున్నారు. ఆమె గురించి అక్కడ అందరూ ఏదో ఒకటి చెప్పుకున్నారు. నేనొక్కదాన్నే ఏమీ చెప్పలేదు.

ఆమె మా అత్తమ్మకు అక్క. మా అత్తమ్మ నా పెళ్లికి ముందే పోయింది. అక్షర పుట్టినప్పుడు పదిహేను రోజులుండి పోతానని వచ్చిన పెద్దత్తమ్మ మాతోనే ఉండిపోయింది. పుట్టింది కొత్తగూడ అడవుల పక్కన ఒక పల్లెలో. కాపురం భూపాలపల్లిలో. పెద్దమామ బొగ్గుబాయిలో పనిచేసేవాడట. ఆయన పోయాక కొడుక్కు ఆ కొలువు వచ్చింది. ఆ కొడుకే మా బావ. తల్లి మా ఇంట్లో ఉండడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. ఫోన్ చేసినప్పుడల్లా ఎప్పుడొస్తవని అడిగేవాడు. పిల్ల బడికి పోవడం మొదలుపెట్టాక వస్తానని ఒకసారి, చిన్నోడు పుట్టాడని ఇంకోసారి చెబుతూ వచ్చింది.

నేను జనగామ నుంచి హైదరాబాదుకు రోజూ రైలులో పోయి వస్తాను. సముద్రాల మీద పనిచేసే ఒక ఆఫీసులో ప్రాజెక్టు ఉద్యోగం. మా ఆయనది తొర్రూరులో బ్యాంకు. అంటే పొద్దున్నుంచి చీకటిపడేదాకా పిల్లలకు తల్లీ తండ్రీ ఆమే. నాకు భయం ఎక్కువ. రైలు ఎక్కగానే ఒకసారి, దిగగానే ఒకసారి, మధ్యాహ్నం రెండుసార్లు వీడియో కాల్ చేసేదాన్ని. ఆమె ఎన్నిసార్లు చెప్పినా ఫోనును చెవికే ఆనించుకునేది. తెర నిండా నాకు ఆమె చెవి, చెవికున్న గంటీ, నెరిసిన నాలుగు వెంట్రుకలు కనిపించేవి. పిల్లలను చూపించమంటే, "ఉన్నరు గదనే, ఇనవడ్తలేదా?" అనేది. ఆ చెవిని చూస్తూ నేను ఎన్ని మధ్యాహ్నాలు అన్నం తిన్నానో. రైలులో నా పక్కన కూర్చునే స్నేహితురాలు కూడా ఆ చెవిని గుర్తుపట్టేది.

"నీ పానం పిల్లల కాడ లేదు, ఫోన్ల ఉన్నది" అని వెక్కిరించేది. కానీ భయపడొద్దని మాత్రం ఎప్పుడూ అనలేదు. బాయిలో దిగిన మనిషికోసం ఎన్నో ఏళ్లు ఎదురుచూసింది ఆమె. ఒకరోజు పాలు కాస్తూ, "భయం పొయ్యి మీది పాల లెక్క. పారవోయొద్దు. కండ్లు పక్కకు తిప్పొద్దు, గంతే" అంది.

బాయి అలవాటు ఇంకొకటి ఉండేది. పొద్దుగూకగానే గడప దగ్గరకు వచ్చి, "అందరొచ్చిండ్రా?" అని అడిగేది. మేమంతా ఆమె కళ్లముందే ఉన్నా అడిగేది. ఎవరో ఒకరు వచ్చినం అని పలికితేగాని అన్నం దగ్గర కూర్చునేది కాదు. చిన్నోడు ఒక్కోసారి కావాలని, "రాలే" అనేవాడు. "అయితే నీ పాలు నేను తాగుత తియ్యి" అనేది.

కూరగాయల బండి దగ్గర బేరం ఆడేది కాదు. వంకాయను చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, ఏమీ అనకుండా మళ్లీ పెట్టేది. ఇంకోటి తీసుకునేది. బండి అతను కాసేపు చూసి తనే ధర తగ్గించేవాడు. "నీతోని మాట్లాడి గెలవొచ్చు గని, మాట్లాడకుంటే ఎట్ల గెలవాలె అవ్వా" అని వాపోయేవాడు. కుర్చీలో ఎప్పుడూ అంచు మీదే కూర్చునేది, ఎవరైనా పిలిస్తే లేవడానికి సిద్ధంగా.

నా ఉద్యోగం ఆమెకు పెద్ద నవ్వులాట. జనగామలో చెరువు ఎండితే అడిగే దిక్కు లేదుగాని నువ్వు సముద్రం లెక్కలు చూస్తున్నావా అనేది. సదస్సుకు నా పోస్టరు ఎంపికైందని, దేశదేశాల వాళ్లు వస్తారని చెప్పినప్పుడు పప్పు ఏరుతూ ఉంది. "సముద్రం మీద గంత మంది మాట్లాడనీకి ఏముంటదే? ఉప్పుగుంటదని ఒక్కడు చెప్పినంక అందరు ఇంటికి వోవచ్చు" అంది. తర్వాత నా ముఖం చూసి, నేను పిల్లలను వదిలి పోవడానికి జంకుతున్నానని తెలుసుకుని, "అందరం పోదాం. నేను గూడ సూస్త నీ సముద్రాన్ని" అంది.

బావకు ఈ సంగతి తెలిసి నాకు ఫోన్ చేశాడు. నీ పిల్లల కోసం మా అవ్వను సముద్రం దాకా గుంజుకపోతవా అని అడిగాడు. నేనే తీసుకుపోతున్నాను బావా, జాగ్రత్తగా చూసుకుంటాను అని మాటిచ్చాను.

సదస్సు తేదీలు బతుకమ్మ పండుగలోనే పడ్డాయి. మా ఆయనకు బ్యాంకులో సెలవు దొరకలేదు. అక్కడ పూలు దొరుకుతాయో లేదోనని పెద్దత్తమ్మ తంగేడు, గునుగు తెంపించి తడిగుడ్డలో చుట్టి రైలెక్కించింది. దారి పొడుగునా ఆ మూటమీద నీళ్లు చల్లుతూ కూర్చుంది. పెళ్లికా అని ఎదుటి సీటాయన అడిగితే, "గౌరమ్మను సముద్రానికి తీస్కపోతున్నం. ఆమె గూడ ఎప్పుడు సూడలే" అని చెప్పింది.

గెస్ట్ హౌసులో పనిచేసే అబ్బాయిని "జర వేడినీళ్లు తెస్తవా బిడ్డా" అని అడిగితే, అతను బయటికి పోయి ఇంకో అబ్బాయితో ఆ మాటను ఆమెలాగే అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఆమె తలుపు దగ్గరకు వెళ్లి, "మంచిగనే వచ్చింది. ఇంకొంచెం నేర్సుకో, మా దిక్కొస్తే అక్కెరకొస్తది" అంది. మర్నాటి నుంచి అడగకముందే వేడినీళ్లు వచ్చాయి.

సదస్సులో వెంట వచ్చినవాళ్లకూ మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. దానిమీద ఏం రాశారని అడిగింది. నాతో వచ్చావని రాశారని చెప్పాను. "నీతోని నేనొచ్చిన్నా, నాతోని నువ్వొచ్చినవా?" అని దాన్ని సరిచేసుకుని, పడుకునేటప్పుడు కూడా తీయలేదు. టీ వేళ ఒక విదేశీ శాస్త్రవేత్త, తెల్లజుట్టు ఆవిడ, ఆ కార్డు చూసి ఆగి సముద్రం ఎలా ఉందని ఆమెను అడిగింది. "ఒకటే మోత. బాయిల మెషిన్ లెక్క. ఈడి జనాలు నిద్రెట్ల పోతరో" అంది పెద్దత్తమ్మ. నేను ఇంగ్లీషులో చెప్పాను. ముప్పై ఏళ్లుగా సముద్రం మీద తిరుగుతున్నా ఓడలో తనకూ నిద్ర పట్టదని ఆవిడ చెప్పింది. వాళ్లిద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని కాసేపు నవ్వుకున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు.

సద్దుల రోజు సాయంత్రం నేను వచ్చాక అందరం కలిసి పోవాలనుకున్నాం. పోస్టర్లు చూసే సమయం పొడిగించారు. పెద్దత్తమ్మ పూలు వాడిపోతున్నాయని ఫోన్ చేసింది. "నువ్వొచ్చేదాక ఆగమంటవా?" అని అడిగింది. నువ్వు పో పెద్దత్తమ్మా, సముద్రం పక్కనే కదా అన్నాను. పిల్లలకు టోపీలు పెట్టమన్నాను. బయట ఐస్‌క్రీములు కొనివ్వొద్దన్నాను. చిన్నోడి చేయి రోడ్డు దాటేటప్పుడు వదలొద్దన్నాను. అన్ని జాగ్రత్తలూ చెప్పాను. సముద్రం చెరువు కాదని మాత్రం చెప్పలేదు.

మా దగ్గర చెరువులో బతుకమ్మను వదిలి, చేతులతో నీళ్లను నెడతారు. ఆ కదలికకు అది మెల్లగా లోపలికి పోతుంది. అది పోయేదాకా చూసి, అప్పుడు ప్రసాదాలు పంచుకుని ఇంటికొస్తారు. ఒడ్డున ఆగిపోయిన గౌరమ్మను విడిచి రావడం పెద్దత్తమ్మకు తెలియదు. బిడ్డను అత్తగారింటికి పంపుతూ సగం దారిలో వదిలేసి రావడం లాంటిది అది ఆమెకు. అందుకే బతుకమ్మ వెనక్కి రావడం ఫోనులో చూసినప్పుడు నాకు రెండూ తెలుసు. అది వస్తూనే ఉంటుందని తెలుసు. ఆమె పోతూనే ఉంటుందని తెలుసు.

పెద్దాయన నా మాటలు విని మెచ్చుకుని వెళ్లాక ఫోన్ తీశాను. కాల్ ఆగిపోయి ఉంది. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. పరిగెత్తాను.

ఒడ్డున జనం గుమిగూడారు. వలలు సర్దుకుంటున్న ఇద్దరు మనుషులు ఆమెను బయటికి లాగారట. వెనక్కి పోయే నీళ్లు కాళ్లకింది ఇసుకను లాగేస్తే పక్కకు పడిందట. తర్వాత వచ్చిన అల ఆమెను ఎత్తి గట్టి ఇసుక మీద పడేసిందట. తడి చీరతో ఒక కాలు చాపుకుని కూర్చుని ఉంది. జుట్టు విడిపోయింది. మెడలో కార్డు అలాగే ఉంది. చిన్నోడు ఏడుస్తున్నాడు. అక్షర ఏడవడం లేదు. ఖాళీ తాంబాళాన్ని గుండెకు ఆనించుకుని నిలబడింది. పెద్దత్తమ్మ నన్ను చూసి, "అందరొచ్చిండ్రా?" అని అడిగింది. వచ్చినం అన్నాను. అప్పుడు కళ్లు మూసుకుంది.

అంబులెన్సు కోసం చూస్తుంటే నన్ను దగ్గరకు రమ్మంది.

"సముద్రం కాడ ముసల్ది బతుకమ్మాడవొయ్యి వడ్డదంటే నవ్వుతరే. బాత్రూంల వడ్డనని చెప్పుండ్రి. బాత్రూంల ఎవలైన వడ్తరు."

పిల్లలను కూడా పిలిచి, బాపమ్మ ఎక్కడ పడిందని అడిగింది. "బాత్రూంల" అన్నాడు చిన్నోడు ముక్కు తుడుచుకుంటూ. అక్షర కూడా అంది.

ఆమె ఆ మాట ఎందుకు చెప్పిందో నాకు ఆ ఇసుక మీదే తెలుసు. నవ్వుతారని కాదు. నేను బావకు మాటిచ్చాను. ఆమె నన్ను కాపాడుతోంది. కాపాడనిచ్చాను.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక బావ వచ్చి ఆమెను భూపాలపల్లికి తీసుకుపోయాడు. మేం చూడటానికి వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు పరామర్శకు వచ్చి ఉండేవారు. ఆమె బాత్రూం కథ చెప్పేది. చెప్పినకొద్దీ ఆ కథకు రంగు వచ్చింది. మొదట తడి నేల. తర్వాత సబ్బు. ఆ తర్వాత బకెట్ తన్నుకుని పడిందని, ఆ చప్పుడుకు ఫారిన్ వాళ్లంతా ఉరికి వచ్చారని. అందరూ నవ్వేవారు. చిన్నోడికి ఆ బకెట్ నిజమే అయిపోయింది. అక్షర మంచం పక్కన నేల చూస్తూ కూర్చునేది. నేను దాన్ని చూశాను. చూసి, అలసిపోయిందనుకున్నాను.

ఒకసారి బావ నన్ను తమ క్వార్టర్ బాత్రూం చూడమని పిలిచాడు. నున్నటి టైల్స్ పగలగొట్టించి గరుకు బండలు వేయించాడు. గోడకు పట్టుకోవడానికి స్టీలు రాడ్డు బిగించాడు. కాలితో బండను రాసి చూపిస్తూ, "ఇగ జారదు" అన్నాడు. తల్లి లేచి అక్కడిదాకా నడుస్తుందని ఆయన నమ్మకం. ఇప్పుడు చెప్పాలి అని నా గొంతుదాకా వచ్చింది. మంచిగ చేసినవ్ బావా అన్నాను.

ఆమె లేవలేదు. ఛాతీలో నెమ్ము చేరి, ఒకనాటి పొద్దున పోయింది.

మూడోరోజు వాగు ఒడ్డున పిట్టకు పెట్టారు. ఆకులో అన్నం, ఆమెకిష్టమైన మక్క గారెలు, కొత్తగూడ నుంచి ఎవరో తెచ్చిన తునికి పండ్లు. కాకి తుమ్మచెట్టు మీదికి వచ్చి కూర్చుంది. దిగలేదు. చాలాసేపు చూశాం. మనసులో ఏదో ఉండిపోయిందని, అందరూ వచ్చి ఒక మాట ఇవ్వమని పెద్దవాళ్లు అన్నారు. బావ వెళ్లి, చిన్నబిడ్డ పెళ్లి నువ్వు అనుకున్నట్టే చేస్తానని చెప్పాడు. మా యారాలు అక్క, అంటే బావ భార్య, నీ చీరలు నేనే కట్టుకుంటాను, ఎవరికీ ఇయ్యనని ఏడ్చింది. మా ఆయన ఏటా వస్తానన్నాడు. నన్ను పొమ్మన్నారు. వెళ్లి దండం పెట్టి నిలబడ్డాను. బాగా కలతపడిందని ఎవరో నన్ను వెనక్కి తీసుకొచ్చారు.

అప్పుడు అక్షర నా చేయి విడిపించుకుని ఆకు ముందుకు వెళ్లింది. ఎవరూ దాన్ని పిలవలేదు.

"బాపమ్మా, ఇగ నెట్టుమని అనను."

పిల్ల ఏమంటుందని ఎవరో అడిగారు. ఊయల సంగతి గావచ్చు, ఊయల ఊపేది గదా అని యారాలు అక్క కళ్లు తుడుచుకుంది. మేం లేచి దూరంగా వచ్చాక కాకి ముట్టిందన్నారు. నేను చూడలేదు. నేను అక్షరను చూస్తున్నాను.

దసరా తర్వాత నుంచి అది ఏదీ అడగడం లేదు. జాతరలో బొమ్మ అడగలేదు. పుట్టినరోజుకు గౌను అడగలేదు. ఇంకో ముద్ద పెట్టమని కూడా అడగదు. మా అక్షర పెద్దదైపోయింది, మారాం మానేసింది అని నేను రైలులో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసి అన్నం తిన్నదా, దగ్గు తగ్గిందా అని అడిగే తల్లిని. పిల్ల ఇన్ని నెలలుగా ఒక మనిషిని పడేశానని మోస్తూ తిరుగుతుంటే, అది మంచి అలవాటనుకున్నాను. పెద్దత్తమ్మ ఉంటే ఈపాటికి కనిపెట్టేది.

ఈరోజు పొద్దున ఇద్దరినీ వంటింట్లో కూర్చోబెట్టి చెప్పాను. మా ఆయనను కూడా అక్కడే ఉండమన్నాను. ఆయనకూ ఇది కొత్తే. స్టవ్ పక్కన నిలబడి విన్నాడు.

"బాపమ్మ బాత్రూంల పడలే. సముద్రంల వడ్డది. మీకెరుకే. మనం అవద్ధం చెప్పినం. నేను చెప్పనిచ్చిన" అన్నాను. చిన్నోడు మరి బకెట్ అని అడిగాడు. బకెట్ లేదన్నాను.

అక్షర తల దించుకుంది. "నేనే నెట్టుమన్న" అంది.

"అన్నవు. నువ్వు పిల్లవు, బతుకమ్మ పోతలేదని అన్నవు. నేను ఫోన్ల సూసిన. అది ఎనుకకే వస్తదని నాకెరుక. నేను సదివిందే గది. అప్పుడు నేను పెద్దత్తమ్మా, బయటికి రా అంటే ఆమె వచ్చేది. నేను అనలే. ఫోన్ పక్కకు పెట్టి నా పని చూసుకున్న. బాపమ్మ వడ్డది నీతోని కాదు బిడ్డా."

అక్షర తలెత్తి, పెద్దబాపుకు, అంటే మా బావకు, తెలుసా అని అడిగింది. తెలియదు, పదోరోజుకు పోతాం కదా, పక్కకు పిలిచి నేనే చెబుతానన్నాను.

"తిడ్తడా?"

"తిడ్తడు. తిట్టాలె. నేను నిలబడి ఇంట. నువ్వు నా ఎనుకకు వచ్చి నిలబడకు. తమ్మునితోని బయట ఆడుకో. గది నీ పని గాదు."